ముప్పై అయిదో వంతు

"ఆ తాడు అయిందా లేదా?" హాల్లోంచి కేకేశాడు మొగుడు.

ఆమె వంటింట్లో బీన్స్‌కి ఈనెలు తీస్తోంది. ఎడమచేతి చూపుడువేలి మీద నిన్నటి గమ్ము ఇంకా పొరలా అంటుకునే ఉంది. దాంతో ఈనె ఎక్కడ తెగిందో వేలికి తెలియడం లేదు.

"అవుతుంది."

"అవుతుంది అవుతుందంటే ఎప్పటికి? శనివారం ప్రదర్శన. నువ్వు అల్లి ఇస్తే కదా నేను రంగు వేసేది?"

నువ్వు అల్లి ఇస్తే కదా. ఈ మాట ఇంట్లో నాలుగు గోడల మధ్యే వినిపిస్తుంది. గడప దాటితే తాడు దానంతటదే అల్లుకుపోతుంది.

పాత చార్జరు వైరు ఒలిచి తీసిన ఆరు రాగి పోగులే ఆ తాడు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, ఇంకో కొస వేళ్ళ మధ్య పట్టుకుని, పోగు మీద పోగు ఎక్కకుండా మెలిపెట్టాలి. యుద్ధంలో చెడిపోయిన ట్యాంకుల్ని ఈడ్చుకొచ్చే బండి ఒకటుంటుంది. అసలు బండిని ముప్పై అయిదో వంతుకి కుదిస్తే జానెడు పొడవు మోడల్. దాని ముందు చుట్ట చుట్టి పెట్టాల్సిన తాడు ఇది. కొట్లో కొన్న మోడల్ పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు అతికిస్తే బండి ఆకారం ఎవరికైనా వస్తుంది. కానీ ఆ పెట్టెలో తాడు వానపాములా ఉంటుంది, పారలూ గునపాలూ బండికి అచ్చుపోసినట్టు అతుక్కుపోయి ఉంటాయి, మడత పెట్టిన టార్పాలిన్ సబ్బుబిళ్ళలా ఉంటుంది. వాటిని గీకి పారేసి, నిజమనిపించేలా చేత్తో చేసి పెట్టిన బళ్ళకే, ఏటా ప్రదర్శనలో జరిగే పోటీలో ప్రత్యేకంగా ఒక విభాగం. ఆ విభాగంలో మొగుడికి ఆరేళ్ళలో నాలుగు బహుమతులు. నాలుగూ హాల్లో, టీవీ పైన.

ఆరేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆయన ఒక మోడల్ బండి కొక్కేన్ని మూడుసార్లు విరగ్గొట్టుకుని, "నీకు చెయ్యి తిరిగిన పనే కదా, ఈ ఒక్కటీ చేసిపెట్టు," అన్నాడు. నిజమే, చెయ్యి తిరిగిన పనే. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దీపం కింద మెడ వంచి, మైనంలో ఎవరెవరివో దవడ పళ్ళు చెక్కుతుంది. ఒక పంటి మీద ఎన్ని గుంటలుంటాయో, ఏ గుంట ఎటు వాలాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటి చేతికి ఒక కొక్కెం ఎంతసేపు? చేసిపెట్టింది. ఆ ఒక్కటీ ఆరేళ్ళుగా ఇంకా అయిపోలేదు. ల్యాబు నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, తుడిచిన భోజనాల బల్ల మీదే మళ్ళీ దీపం పెట్టుకుని కూర్చుంటుంది. మాత్రల అట్ట రేకుని కత్తిరించి పారని బిగించే బిళ్ళలు. గమ్ములో నానబెట్టిన టిష్యూ కాగితంతో టార్పాలిన్, దాని మడతల్లో మడతలు. మైదాముద్దలాంటి పుట్టీని సన్నటి తీగలా సాగదీసి, కత్తిమొనతో చిన్నచిన్న నొక్కులు నొక్కితే ఇనుప పలకల మధ్య వెల్డింగు అతుకు.

"అంత సన్న ముక్కలు కనపడతాయి గానీ, గిన్నె అంచున మసి మాత్రం నీ కంటికి ఆనదు," అంటుంది అత్తగారు అటూ ఇటూ తిరుగుతూ.

మొగుడి మోడళ్ళ క్లబ్బు స్నేహితులు వచ్చినప్పుడు ఆమె టీ కప్పులు పట్టుకుని నిలబడాలి. బల్ల మీద టీ పెట్టడానికి చోటుండదు మరి. "ఈ టార్పాలిన్ దేంతో చేశావురా బాబూ?" అని ఎవరైనా అడిగితే ఆయన కళ్ళెగరేసి, "అదో టెక్నిక్ లే," అంటాడు. ఒకసారి ఒకాయన మర్యాదకి ఆమె వైపు తిరిగి, "మీకూ ఇష్టమేనా అమ్మా ఇవన్నీ?" అన్నాడు. ఆమె నోరు తెరిచే లోపలే మొగుడు నవ్వాడు. "దానికివన్నీ బొమ్మలండీ. దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోదు." ఆ రోజు ఆమె చేతిలో ట్రే ఒక పక్కకి ఒరిగింది. సిగ్గుతో అనుకున్నారు వాళ్ళు. వేడి టీ ఎవరి ఒళ్ళో పొయ్యాలా అని ఆలోచిస్తోందని వాళ్ళకేం తెలుసు?

గురువారం ల్యాబు నుంచి వచ్చేసరికి ఆమె మైనం కత్తి బల్ల మీద పడుంది, మొన వంకరపోయి. ఉద్యోగంలో చేరిన నెలలో కొనుక్కున్న కత్తి. పిడి ఆమె బొటనవేలి కింద అరిగి, ఆ వేలికి తప్ప ఇంకెవరి వేలికీ అమరని కత్తి.

"రంగు డబ్బా మూత రాలేదు," అన్నాడాయన తల ఎత్తకుండా. "కత్తే కదా. ఇంకోటి కొనుక్కో."

ఆమె కత్తిని తీసి సంచిలో పెట్టుకుంది. ఒక మాట మొదలుపెడితే ఆరేళ్ళవీ వరసకట్టి వచ్చేలా ఉన్నాయి. ల్యాబు నుంచి తెచ్చుకున్న ఇంకో కత్తితోనే శుక్రవారం పని ముగించింది. ముగించాక కూడా లేవబుద్ధి కాలేదు. భూతద్దంలోంచి బండిని చూస్తూ కూర్చుంది. వెనక వైపు, తాడుని చుట్టే యంత్రం దగ్గర ఒక లీవరు. దాని పక్కనే పొగగొట్టం. ఇంత దగ్గరగా పొగగొట్టం ఉంటే ఈ ఇనుము నిప్పులా కాలదూ? దీన్ని పట్టుకునేవాడు ఏం చేస్తాడు? ల్యాబులో మంట మీద కాల్చే గరిటెలకి తను ఏం చేస్తుంది? పాత దుపట్టా అంచు చింపి చుట్టుకుంటుంది. వాడూ అంతే చేస్తాడు, చేతులన్నీ ఒక్కటే కదా. టిష్యూ కాగితం లోంచి వెంట్రుకంత పేలిక చింపి, గమ్ములో తడిపి, లీవరు పిడికి రెండు చుట్లు చుట్టి ముడేసింది. అసలు బండి ఫొటోలు వేటిలోనూ లేదది. ఎవరూ చెయ్యమనలేదు. పొద్దున్న ఆయన దాని మీద గోధుమరంగు పులిమేశాడు, అదేమిటని కూడా అడగలేదు.

శనివారం ప్రదర్శనశాలలో తెల్ల గుడ్డ పరిచిన పొడవాటి బల్లలు. ప్రతి మోడల్ ముందూ ఒక కార్డు. ఈ బండి కార్డు మీద మొగుడి పేరు, దాని కింద 'అదనపు భాగాలన్నీ స్వహస్తాలతో చేసినవి' అని గుండ్రటి అక్షరాలు. ఆమె చేతిలో మంచినీళ్ళ సీసా, ఆయన కోటు.

న్యాయనిర్ణేత ముసలాయన. సైన్యంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. సరిగ్గా ఇలాంటి బళ్ళ మీదే పన్నెండేళ్ళు పనిచేశాడని అందరూ చెప్పుకున్నారు. ఆయన వంగి తాడు చూశాడు, తల ఊపాడు. టార్పాలిన్ చూశాడు, ఊపాడు. తర్వాత వెనక్కి వెళ్ళి చాలాసేపు వంగే ఉండిపోయాడు.

"ఈ లీవరుకి గుడ్డ ఎందుకు కట్టావు బాబూ?"

మొగుడు ముందుకొచ్చి చూశాడు. ఆ గుడ్డని మొదటిసారి చూస్తున్నవాడి చూపు అది. "అదా సార్... అందం కోసం. అక్కడ కాస్త రంగు తేడా ఉంటే బాగుంటుందని."

"అందం కోసమా?"

"అవును సార్. ఊరికే."

"ఊరికే కాదు," అంది ఆమె. అంటానని ఆమే అనుకోలేదు. "పక్కనే పొగగొట్టం ఉంది కదండీ. పట్టుకునేవాడి చెయ్యి కాలకుండా."

ముసలాయన నడుం నిటారు చేసుకున్నాడు. "మేమూ కట్టేవాళ్ళం," అన్నాడు నెమ్మదిగా. "చిరిగిన బనియన్లు. ఏ పుస్తకంలోనూ వెయ్యలేదెవరూ." ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఎవరు చేశారమ్మా ఇది?"

మొగుడు నవ్వాడు. "ఇంట్లో నా పక్కనే ఉంటుంది కదా సార్, చూసీ చూసీ రెండు మాటలు పట్టేసింది." ఆయన వేళ్ళు ఆమె మోచేతిని పట్టుకున్నాయి. బయటికి ప్రేమగా కనపడేంత నెమ్మదిగా, లోపల ఎముక తగిలేంత గట్టిగా. "చెప్పవోయ్, సార్‌కి."

ఆమె ఆ వేళ్ళ వంక చూసింది. ఒక కొక్కేన్ని మూడుసార్లు విరగ్గొట్టిన వేళ్ళు.

"బండి అతికించిందీ, రంగు వేసిందీ ఈయన. తాడు, టార్పాలిన్, బిళ్ళలు, వెల్డింగు అతుకులు, ఈ గుడ్డ, ఇవన్నీ నేను చేశాను."

ముసలాయన కార్డుని తీసి బోర్లా పెట్టాడు. "అయితే ఈ పేరు మీద ఈ విభాగంలో దీన్ని చూడలేను. చేసినవాళ్ళ పేరుతో తీసుకురండి, చూస్తాను," అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. గొడవ లేదు, కేకలు లేవు. బోర్లాపడ్డ కార్డు ఒక్కటే, సాయంత్రం దాకా. క్లబ్బువాళ్ళు ఆ పక్కకొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకుని జారుకున్నారు.

కారులో మొగుడు నోరు తెరిచాడు. "ఆరేళ్ళు నేర్పించాను నీకు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించినందుకు నలుగురిలో నా తల తీసేస్తావా?"

"ఏం నేర్పారు?"

నిజంగానే తెలుసుకోవాలని అడిగిందామె. జవాబుగా గేరు మార్చిన చప్పుడు వచ్చింది.

ఇంటికి రాగానే అత్తగారు విషయం విని నెత్తి కొట్టుకుంది. "నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? మొగుడికి పేరొస్తే నీకు వచ్చినట్టు కాదూ?" మొగుడు బండిని భోజనాల బల్ల మీద దభీమని పెట్టాడు. "అంత గొప్ప చేతిపనైతే పీక్కుపో! నీదేదో నువ్వు తీసుకుని నా బండి నాకు వదిలెయ్!"

ఏడుస్తుందనుకున్నాడు. లేకపోతే క్షమించమంటుందనుకున్నాడు. ఆమె చేతులు కడుక్కుని కంచాలు పెట్టింది.

మర్నాడు ఆదివారం. అత్తగారు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనమయ్యాక మొగుడు కునుకు తీశాడు. ఆమె బల్ల తుడిచి, దీపం వెలిగించి, ట్వీజర్స్, బ్లేడు తీసుకుంది. ముందు తాడు. గమ్ము పట్టిన చోట బ్లేడు మొన దూర్చి మెల్లగా లేపితే చుట్టలు చుట్టలుగా ఊడొచ్చింది. తర్వాత బిళ్ళలు, ఒక్కొక్కటే. టార్పాలిన్ కింద బ్లేడుని అడ్డంగా తోస్తే ఒకే ముక్కగా లేచింది. వెల్డింగు అతుకులు తియ్యడానికే చాలాసేపు పట్టింది. గీకుతుంటే పుట్టీ పొడిలా రాలింది. వాటిని దాచుకోవడానికి లేదు, కానీ ఉంచడానికీ మనసొప్పలేదు. చేసేటప్పుడు ఎంత ఓపికగా చేసిందో, తీసేటప్పుడూ అంతే ఓపిక. కోపం చేతిలోకి రాలేదు. చెయ్యి జారితే ఆయన భాగం ఎక్కడైనా విరుగుతుందేమో, ఆ మాట పడదలచుకోలేదు.

మొగుడు లేచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "ఏం చేస్తున్నావు?"

"మీరు చెప్పిందే."

"కోపంలో ఏదో అంటే... ఆగు! ముందు దాన్ని అక్కడ పెట్టు! దాని మీద నా రంగుంది."

"మీ రంగు కావాలంటే గీకి ఇచ్చేస్తాను."

ఆయన బల్ల దాకా వచ్చాడు. చెయ్యి చాపాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఏది పట్టుకుంటే ఏది ఊడుతుందో ఆ బండిలో ఆయనకి తెలియదు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఈ బండి దీపాలు పెట్టెలోవే," అంది ఆమె. "మీవి. ఉంచేస్తున్నాను."

చివరికి లీవరు పిడి మీది గుడ్డ. ముడి విప్పడం కుదరక, కోసి తీసింది. అన్నిటినీ మూతున్న రేకు డబ్బాలో సర్ది, దాన్ని తన ల్యాబు సంచిలో పెట్టుకుంది. వచ్చే ఏడాది పోటీకి దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో రేపే కనుక్కోవాలనుకుంది. బల్ల మీద జానెడు ప్లాస్టిక్ బండి మిగిలింది. అక్కడక్కడా రంగు, మిగతాచోట్ల కింది ప్లాస్టిక్ బూడిదరంగులో మచ్చలు మచ్చలుగా.

సాయంత్రం అత్తగారు తిరిగొచ్చింది. కొడుకు బల్ల ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చెప్పులు విడిచి, కళ్ళజోడు సవరించుకుని, అతని భుజం మీంచి వంగి చూసింది. ఆవిడ మొహం విప్పారింది.

"పోనీలే, కొత్తది మొదలుపెట్టావా నాన్నా?" అంది మురిపెంగా. "ఇందులో ఇంకా నీ పనేమీ కనపడటం లేదే!"