అయిదో నంబరు కోటు

అయిదో నంబరు కోటు కాలర్‌ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసిందామె. నిన్న దీన్ని వేసుకున్న పెద్దమనిషి సాస్ ఒలకబోసుకోలేదు గానీ, తలకు పట్టించిన నూనెలో సగం కాలర్‌కే సమర్పించుకుని వెళ్ళాడు. పదిన్నర దాటింది. పన్నెండుకి రెస్టారెంట్ తలుపులు తీస్తారు. ఈలోగా తొమ్మిది కోట్లకీ బ్రష్ కొట్టాలి, గుండీలు లాగి చూడాలి, జేబులు తిరగెయ్యాలి. ఈ జేబుల్లో ఆమెకు దొరకని వస్తువు లేదు. పళ్ళు కుట్టుకునే పుల్లలు, మాత్రలు, సగం రాసిన ప్రేమలేఖ, ఒకసారి ఏకంగా పెట్టుడు పళ్ళ సెట్టు. ఆ సెట్టు కోసం ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

మెట్లెక్కి రెండో అంతస్తుకు రాగానే ఎడమ పక్కన ఉంటుందా గది. చేతులు బారజాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక ఇనప కడ్డీ, దానికి తొమ్మిది కోట్లు, ఒక నిలువుటద్దం, ఒక స్టూలు. బయట గోడ మీద ఇత్తడి పలక: ‘మగవారు కోటు, బూట్లు లేకుండా లోపలికి రారాదు.’ ఈ రెస్టారెంట్ పెట్టిన పెద్దాయన స్వయంగా రాయించిన మాటలవి. వండేవాడు తలకు గుడ్డ కట్టుకుని, వడ్డించేవాడు గుండీలన్నీ పెట్టుకుని నిలబడితే, తినేవాడు మాత్రం మంచం మీంచి లేచిన వాలకంతో వస్తానంటే ఎలాగని ఆయన వాదన. అలాగని కఠినుడేం కాదు. కోటు లేదని ఎవరినీ ఆకలితో వెనక్కి పంపడం ఇష్టం లేక ఈ తొమ్మిదీ కుట్టించి, వాటిని చూసుకోవడానికి ఆమెను పెట్టాడు. బూట్లు మాత్రం పెట్టలేదు. ఒకరు వేసుకున్న బూట్లలో ఇంకొకరు కాలు పెట్టరు కదా అన్నాడు.

అది జరిగి ముప్పై ఒక్క ఏళ్ళు. అప్పట్నించీ ఇక్కడ అందరికీ ఆమె కోట్లక్క. “మా అక్క దగ్గర తొమ్మిది కోట్లున్నాయి, అయినా బస్సులోనే వస్తుంది” అని హెడ్ సర్వర్ కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పి, తనే ముందు నవ్వుకుంటాడు. ఆమె కూడా నవ్వుతుంది. అన్నేళ్ళుగా వింటున్న జోకుకి నవ్వకపోతే బావుండదు.

సన్నటి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. కోట్లు మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. యూనిఫాం చేతి మడతలో ఎప్పుడూ రెండు గుండుసూదులుంటాయి. మనిషి మెట్ల మలుపు తిరిగేలోపే భుజాల కొలత ఆమె కంటికి అందుతుంది. వచ్చినవాడు పలక చదివి, తన ఒంటి మీది చొక్కా చూసుకుని, మొహం ఎర్రబడి నీళ్ళు నమిలే సమయానికి ఆమె సరైన కోటు చేత పట్టుకుని గదిలోంచి వస్తుంది. “సార్, మీ కోటు ఇక్కడే ఉందండీ” అంటుంది. అతనేదో పొద్దున్నే వచ్చి ఇక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు. ఆ మాటకి అతని ప్రాణం కుదుటపడటం వీపు మీద కనిపిస్తుందామెకి. హోటల్‌కి వెళ్ళేటప్పుడు ఎలా తయారవ్వాలని ఎవరైనా అడిగితే ఆమె చెప్పేది ఒకటే. కూర్చున్నాక బట్టలు గుర్తు రాకూడదు. గుర్తొస్తున్నాయంటే ఎక్కువైనా అయ్యుండాలి, తక్కువైనా అయ్యుండాలి.

పదకొండుకి పెద్దాయన కూతురు వచ్చి స్టూలు మీద కూర్చుంది. పెద్దాయన పోయాక రెస్టారెంట్ ఆవిడే చూసుకుంటోంది. నలభై దాటినా అందరూ ఇంకా చిన్నమ్మగారనే అంటారు.

“అక్కా, రేపట్నించి ఆ పలక తీసేస్తున్నా. జనం అది చదివి మెట్ల మీంచే తిరిగి వెళ్ళిపోతున్నారు. ఎవరికి నచ్చినట్టు వాళ్ళొస్తారు ఇక. నాన్న ఉంటే నన్ను నిలబెట్టి కడిగేసేవారు, తెలుసు.”

“మరి కోట్లు?”

“నాటకాల వాళ్ళు అడిగారు, ఇచ్చేద్దాం. మీరూ ఎన్నాళ్ళని నిలబడతారు, ఇంట్లో హాయిగా ఉండండి.” ఆవిడ లేస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. “రేపు మధ్యాహ్నం మీరూ మేస్త్రిగారూ భోజనానికి రావాలి. కిటికీ పక్క టేబుల్ మీదే. ఆయన చెప్పులతో వచ్చినా సరే.”

చివరి మాట ఆవిడ మంచి మనసుతోనే అంది. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి, అప్పటికి ఆవిడ బడికి వెళ్ళే పిల్ల, ఏమీ తెలియదు. ఆమె మాత్రం తల ఊపి, చిన్నమ్మగారు వెళ్ళిపోయాక, బ్రష్ కొట్టేసిన కోటుకే మళ్ళీ బ్రష్ కొట్టడం మొదలుపెట్టింది.

మేస్త్రిగారంటే ఆమె భర్త. పైపుల మేస్త్రి. పెళ్ళయిన రెండో ఏడు ఒక మేడ కడుతున్నచోట ఇనప పైపు జారి ఎడమ పాదం మీద పడింది. రెండు వేళ్ళు తీసేశారు, మిగతావి పక్కకు ఒరిగిపోయాయి. ఆ పాదం ఏ బూటులోనూ పట్టదు. వెడల్పుగా ప్రత్యేకం కుట్టించుకున్న చెప్పులే గతి. వాళ్ళ కూతురు పంతులమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడో వెతికి మెత్తటి బూట్లు తెచ్చింది. పిల్ల మనసు నొప్పించలేక ఇంట్లోనే ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచి, బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. విప్పితే మేజోడు నిండా రక్తం.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఆమె రోజూ ఇంటికెళ్ళి ఇక్కడి సంగతులు కథలుగా చెప్పేది. ఎవరికి ఏ కోటు తొడిగిందీ, ఎవరు ఫోర్కుతో సూప్ తాగబోయిందీ, కిటికీ పక్క కూర్చుంటే కింద వీధంతా ఎలా కనిపించేదీ. ఆయన పడీ పడీ నవ్వేవాడు. కోట్ల గురించి అంత చెప్పిన మనిషి బూట్ల మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. ఆయన కాలు గుర్తుచేసినట్టవుతుందని. మనసు నొప్పించకూడదని దాచిన ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం, ఆమె డ్యూటీ దిగడానికి పావుగంట ముందు, ఆయన మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. కొత్తగా కత్తిరించిన జుట్టు. గోళ్ళలో మరకలు పోవడానికి వేళ్ళు ఎంత రుద్దుకున్నాడో, చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కౌంటర్ దగ్గర నిలబడ్డ పెద్దాయనతో “ఇద్దరికండీ” అన్నాడు. పెద్దాయన కళ్ళు కిందికి దిగి చెప్పుల మీద ఆగాయి. తర్వాత ఆమె వైపు తిరిగాయి. అది ఆమె చెప్పాల్సిన మాట, ఆమె ఉద్యోగం.

“క్షమించాలి సార్. చెప్పులతో లోపలికి వీల్లేదు.”

సార్ అంది. నోటినిండా ఏవండీ అని పిలిచే మనిషిని. మా ఆయనండీ, కాలికి దెబ్బ తగిలింది అని ఒక్క ముక్క అనుంటే పెద్దాయన తప్పకుండా పంపేవాడు. ఆ ముక్క నోటిదాకా వచ్చి ఎందుకాగిపోయిందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం పోతుందనా, సిగ్గుపడిందా? సిగ్గే అయ్యుండాలి. ఆయన మాత్రం తొణకలేదు. “అలాగే మేడమ్” అన్నాడు, పరాయివాడిలాగే, ఆమె ఉద్యోగం ఆమెకు అప్పజెప్పేసి. రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె ఇంటికెళ్ళేసరికి వంట చేసి, ముగ్గురికీ కంచాలు పెట్టి కూర్చున్నాడు. భూమ్మీద దేన్ని గురించైనా జోకులేసే మనిషి, ఆ సంగతి గురించి ముప్పై ఏళ్ళలో ఒక్క జోకు వెయ్యలేదు.

పన్నెండుంబావుకి ఒక కుర్రాడు వచ్చాడు. వెంట కాబోయే మామగారు, అత్తగారు. పొట్టి చేతుల చొక్కా మీద వచ్చినందుకు మామగారి చూపులకు అప్పటికే సగం చచ్చి ఉన్నాడు. ఆమె అయిదో నంబరు తీసింది. “సార్, మీ కోటు ఇక్కడే ఉందండీ.” కుర్రాడు చేతులు దూర్చాడు. ఆమె వెనక నిలబడి భుజాలు సర్దింది, అవసరమైన దానికంటే ఒక్క క్షణం ఎక్కువగా. అయిదో నంబరు ఆయన కొలత. సరిగ్గా ఆ భుజాలే, ఆ వీపే. ముప్పై ఏళ్ళలో వందల మంది మగవాళ్ళు ఈ కోటు తొడుక్కుని లోపలికి నడిచారు. ప్రతిసారీ, వాళ్ళు మొహం ఇటు తిప్పేదాకా, ఆయనే లోపలికి వెళ్తున్నట్టుండేది. ఈ పిచ్చి ఆనందం గురించి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

రేపు రమ్మంది చిన్నమ్మగారు. రేపు ఎవరైనా వస్తారు. పలక ఉండదు, గది ఉండదు, ఆపేవాళ్ళే ఉండరు. ఎవరూ ఆపనిచోటికి తీసుకెళ్ళి కూర్చోబెడితే, ఆనాడు తను ఆపిన దానికి ఏం జవాబు? ఆమె ఫోన్ తీసింది.

“ఏవండీ, ఇవాళ ఇక్కడికి రండి. భోంచేద్దాం.”

అవతల రేడియో గొంతు తగ్గింది. “ఇవాళేంటే? అక్కడ చెప్పులతో రానివ్వరుగా.”

“నేను రానిస్తాను.”

అవతల రేడియో పూర్తిగా ఆగిపోయింది. “నాకక్కడ ఆకలెయ్యదే” అన్నాడాయన, మెల్లగా.

“నాకేస్తుంది. రండి.”

ఒంటిగంటన్నరకి మెట్ల మీద ఆ చప్పుడు వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, పొడుగు చేతులు, మెడ దాకా గుండీలు. కింద అవే వెడల్పు చెప్పులు. కుర్రాడి బృందం అప్పుడే వెళ్ళిపోయింది. అయిదో నంబరు ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని తీసి విప్పి పట్టుకుంది.

“వద్దులే. ఇది వేసుకుంటే నువ్వు రోజూ చూసేవాళ్ళలో ఒకణ్ణయిపోతా.”

ఆమె కోటు కడ్డీకి తగిలించేసింది. తలుపు దగ్గర హెడ్ సర్వర్ కిందికి చూసి, పైకి చూసి, గొంతు తగ్గించాడు.

“అక్కా, పలక ఇంకా గోడమీదే ఉంది.”

“కనిపిస్తోంది. నా కళ్ళజోడు కొత్తదే,” అంది. తర్వాత ఇంకో మాట అంది, నలుగురికీ వినపడేలా. “మా ఆయన.”

హెడ్ సర్వర్ పక్కకు జరిగాడు. పదిహేడు టేబుళ్ళ మధ్యనుంచి ఆమె ఆయన్ని నడిపించుకు వెళ్ళింది. చెప్పుల టపటప కొత్తగా వినిపించి కొన్ని తలలు లేచాయి. కౌంటర్ దగ్గర చిన్నమ్మగారు చూసి, ఏదో కాగితం వెతుకుతున్నట్టు తల దించుకుంది. ఆమె నడక తగ్గించలేదు. కిటికీ పక్క టేబుల్ దగ్గర హెడ్ సర్వర్ స్వయంగా కుర్చీ లాగాడు.

అనుకున్నట్టేం జరగలేదు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. పాదాలు రెండూ వెనక్కి ముడుచుకున్నాడు. సూప్ వేడిగా ఉందన్నాడు, రొట్టె మెత్తగా ఉందన్నాడు, చేప బావుందన్నాడు, అంతా కలిపి నాలుగు ముద్దలకు మించి తినలేదు. చెయ్యి తుడుచుకోవాల్సి వస్తే జేబులోంచి తన రుమాలే తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు కలగన్న భోజనం ఎదురుగా ఉంటే ఆమె కూడా చేపను ముక్కలు చేస్తోంది తప్ప తినడం లేదు. ఇది ఆయన కోసం కాదు, తన కోసమేనని అప్పుడు తెలిసిందామెకి. ఆయన వచ్చింది కూడా అందుకే.

కింద వీధిలో పోతున్న బస్సు పైకప్పును చూస్తూ ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

“ఆ రోజు నేను తినడానికి రాలేదే.”

ఆమె చెంచా కింద పెట్టింది.

“యూనిఫాంలో నువ్వెలా ఉంటావో చూద్దామని వచ్చా. ఇంట్లో వేసుకు చూపించవే అంటే సిగ్గుపడి చచ్చేదానివిగా. చూశా. వెళ్ళిపోయా. దానికి నువ్వు ఇన్నేళ్ళూ మొహం వేలాడేసుకుని...”

ఇద్దరికండీ అన్న గొంతు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. కందిపోయిన ఆ వేలికొనలు కళ్ళల్లో ఉన్నాయి. యూనిఫాం చూడ్డానికి వచ్చేవాడు గోళ్ళు అంతలా రుద్దుకోడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

“ఎలా ఉన్నాను మరి?” అంది.

“పోలీసులా ఉన్నావ్.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. నాకు తెలుసండీ, మీరు తినడానికే వచ్చారు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తినడానికి వచ్చారు, అని ఆ క్షణాన అనుండాల్సింది. అనలేదు. ఇంటికెళ్ళాక తీరిగ్గా అనొచ్చులే అనుకుంది. ఇంటికెళ్ళాక ఆయన రేడియో మరమ్మతులో పడ్డాడు, మర్నాడు కూతురు వచ్చింది, అలా రోజులు దొర్లాయి. ఏడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, ఆ రేడియో వింటూ కుర్చీలోనే ఆయన పోయాడు. పాట అయిపోయి వార్తలు మొదలైనా విసుక్కోకపోతే, నిద్రపట్టిందేమోనని ఆమె వచ్చి భుజం తట్టింది. అనాల్సిన ఆ మాట ఆమె దగ్గరే ఉండిపోయింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వంటింట్లో పైకే అంటుంది.

కలిసి భోంచేసిన ఆ ఆదివారం మాత్రం ఆమెకి ఇవేవీ తెలియవు. మూడింటి బస్సుకి ఆయన ముందు వెళ్తానన్నాడు. ఆమె కోట్లు కట్ట కట్టి అప్పజెప్పి రావాలి. మెట్ల కింది దాకా దిగి, ఆయన మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ వెడల్పాటి వీపును కళ్ళారా చూసుకుని పైకి వచ్చింది. కిటికీ పక్క టేబుల్ ఇంకా తియ్యలేదు. ఆయన ప్లేటులో చేప చాలామటుకు మిగిలి ఉంది, కుర్చీ తిరిగి లోపలికి నెట్టి ఉంది. ప్లేటు పక్కన, పొద్దున హెడ్ సర్వర్ విసనకర్రలా మడిచి నిలబెట్టిన తెల్లటి చేతిగుడ్డ, ఎవరి కష్టమో చెడగొట్టడమెందుకన్నట్టు, ఒక్క మడతైనా విప్పకుండా అలాగే నిలబడి ఉంది.