నేను పిలవలేదు

అక్షరదోషాలుంటే మన్నించండి. కరోనాకు బడులు మూసిన ఏడు, యాభై తొమ్మిదేళ్ల వయసులో, మనవరాలు స్వర్ణ నాకు అక్షరాలు దిద్దించింది. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

మా ఆయన కామాక్షయ్య. సముద్రం ఒడ్డున మా పాలెంలో ఆయనంతటి ఈతగాడు లేడు. పెళ్లయిన నాలుగో ఏట, తెప్ప మీద చేపల వేటకు పోయిన మనిషి వల వేయకుండానే తిరిగొచ్చాడు. వెంట ఉన్న ముగ్గురూ ముఖాలు మాడ్చుకుని దిగారు. గాలీ లేదు, వానా లేదు. ఆయన ఒళ్లంతా చెమట. గుండె పట్టేసిందని, చచ్చిపోతాననుకున్నానని నా చెవిలో మాత్రం చెప్పాడు. ఇసుకలో కాసేపు కూర్చోగానే మామూలు మనిషయ్యాడు.

వేటకు పోయే మగవాణ్ణి మా దగ్గర వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే కీడు, ఆ పూట వల వేయకుండా తిరిగి రావాల్సిందే. ఒడ్డున మస్తానయ్య మామ నవ్వాడు.

"ఏందిరా కామాక్షీ, నీళ్లను చూసి జడుసుకున్నావా?"

నా నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. "నేనే పిలిచినాను మామా, చుట్టలు మర్చిపోయినాడని. తప్పు నాది."

అందరూ నా మీద పడ్డారు. తెప్ప మీద పసుపునీళ్లు చల్లించారు. ఆ ఏడు మూడుసార్లు అట్లాగే జరిగింది. మూడుసార్లూ "పిలిచింది" నేనే. నోరాగని మనిషినని పేరు పడింది. ఇంట్లో ఇప్పటికీ అదే చెప్పి నవ్వుతారు.

చివరికి ఆయన సముద్రం మానేసి ఒడ్డున వలలు బాగుచేశాడు. చేపలు నేను అమ్మాను. మధ్యాహ్నం గంప దించి వచ్చేసరికి, ఒడ్డుకు లాగిన పడవ నీడలో నాకు చోటు ఉంచేవాడు. తడి వల వాసన, ఆయన కాళ్ల మీద ఎండిన ఉప్పు నాకింకా గుర్తే. నా అబద్ధం గురించి ఎన్నడూ మాట్లాడలేదు. కానీ ఎక్కడికి పోయినా, సందు చివర ఆగి, పిలవకుండానే ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

పోయిన ఏడు నెల్లూరు కాలేజీకి పోతున్న స్వర్ణకు, పెన్నా వంతెన మీద, బస్సులో ఊపిరాడలేదు. నెలలో నాలుగుసార్లు అట్లాగే అయింది. తర్వాత వంతెనకు ముందే, కోవూరులో దిగి ఇంటికి వచ్చేసేది. కోడలు వనజాక్షి కాలేజీకి ఫోన్ చేసి కడుపునొప్పి అని చెప్పేది. చదువు మాన్పిద్దామన్నాడు నా కొడుకు. స్వర్ణ సరేనంది. ఆ సరే నాకు నచ్చలేదు. పట్టుబట్టి నెల్లూరు ఆసుపత్రికి బయల్దేరదీశాను.

అక్కడ గోడ మీద ఆందోళన జబ్బుల అట్ట ఉంది. వేలు పెట్టి చదివాను. కారణం లేకుండా రోజంతా దిగులుపడడం ఒక రకం. మా అత్త అంకాలమ్మ గుర్తొచ్చింది. తెప్పలన్నీ ఒడ్డుకు చేరినా, ఇంకా ఎవరో రాలేదని గడపలోనే నిలబడేది. నలుగురిలో నోరు పెగలనిది ఇంకో రకం. ఎత్తునో కుక్కనో చూస్తే వణికిపోవడం మరొకటి. ఆ కింద వరుస దగ్గర నా వేలు ఆగింది. ఉన్నట్టుండి గుండెదడ, చెమటలు, చచ్చిపోతామన్న భయం, కాసేపటికి తగ్గిపోవడం. నలభై ఏళ్ల కిందటి నా మగడు ఆ గోడ మీద ఉన్నాడు.

ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా ఉండేదా అని డాక్టరమ్మ అడిగింది. వనజాక్షి వెంటనే లేదంది. తన మామగారు సముద్రంలో పులి అని కూడా చెప్పింది. స్వర్ణ తల ఇంకా వంచుకుంది. ఆయన నన్ను నమ్మి చెవిలో చెప్పిన మాట అది. అయినా చెప్పేశాను.

"వాళ్ల తాతకు ఉండింది. స్వర్ణా, నేను పిలవలేదు మే. ఒక్కసారి కూడా పిలవలేదు. ఆయనకు నీ మాదిరే గుండె పట్టేసేది."

స్వర్ణ తలెత్తింది. "తాతకా?"

"తాతకే."

ఇది పిరికితనం కాదని, మందుందని, తప్పించుకునే కొద్దీ భయం పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. కొంచెం కొంచెంగా పొమ్మంది. మొదట కోవూరు దాకా, తర్వాత వంతెన ముందు దాకా, తర్వాత అవతలికి. పక్క సీట్లో నేను కూర్చున్నాను. మూడో నెలలో, ఇక రావద్దని స్వర్ణే అంది.

ఆ రోజు అది బస్సెక్కుతుంటే కావాలనే వెనక నుంచి గట్టిగా పిలిచాను. పక్కనున్న ఆడవాళ్లు నన్ను గుడ్లురిమి చూశారు. స్వర్ణ మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"ఈసారి నిజంగానే పిలిచినావు గదా అవ్వా" అని నవ్వి లోపలికి పోయింది.

వెంకటశేషమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది విడవలూరులో, కొడుకు దగ్గర.