ఎనిమిది సంచుల అరటి పొడి

రావులపాలెం పొలిమేరలో కుళాయిలకు నికెల్ పూత వేసే రమేష్ బాబు షెడ్డు మూతపడితే తప్ప లోకనాథ్ మనసు చల్లబడదు. షెడ్డులోని మురికి నీరు డ్రెయిన్‌లో కలిసి అతని అరటి తోట పక్కనుంచే పోతుంది. రెండేళ్లుగా కాలుష్యం ఆఫీసుకి అర్జీలు పెడుతూనే ఉన్నాడు. పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టబోతే ఆ గేటు కనబడి శ్లోకం మరిచిపోయేవాడు.

అలాంటిది, షెడ్డుని నిలబెట్టడానికి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హారతి వచ్చింది. గెల కోసేశాక మిగిలే అరటి బోదెల్ని ఎండబెట్టి, పొడి కొట్టించి, నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, వేడి చేసి డ్రమ్ముల్లో నింపింది. మురికి నీరు ఆ డ్రమ్ముల గుండా దిగితే నికెల్‌ని పొడి పట్టేసుకుంటుందట. బోదెలు లోకనాథ్ తోటవే. ఎలాగూ పనిచేయదు, రమేష్ బాబు పరువు పోతుందని సరదాపడి ఇచ్చాడు.

పనిచేసింది. ఒక ఉదయం షెడ్డు ముందు నలుగురిలో, నీళ్లలో నికెల్ పోయిందన్న పరీక్ష కాగితం హారతి చదివింది.

“విన్నారాండి లోకనాథ్ గారూ?” రమేష్ బాబు కుర్చీలోంచి లేవలేదు. “మీ బోదెలే మా షెడ్డుని కాపాడాయి. శాలువా కప్పించమంటారా?”

“కప్పించు, నీ నోటికి!” అని లోకనాథ్ హారతి వైపు తిరిగాడు. “ఏమ్మా, నీకు చదువు చెప్పినోళ్లు ఇలాంటోళ్లకి కొమ్ముకాయమనే చెప్పారా? నీళ్లలో విషం పోయిందంటున్నావు. దేవుడి సృష్టిలో ఉన్నది ఊరికే ఎక్కడికి పోద్ది?”

“ఎక్కడికీ పోదు బాబాయ్‌గారండి. పొడిలో ఉంది. అందుకే వాడేసిన పొడిని సంచుల్లో కట్టించి షెడ్డు వెనక పెట్టించాను. విష పదార్థాలు తీసుకెళ్లే లారీ శుక్రవారం వస్తుంది.”

లోకనాథ్ చూపు గేటు వైపు తిరిగింది. వాచ్‌మన్ బుల్లియ్య నేల చూపులు చూస్తున్నాడు.

పది రోజుల కిందట బుల్లియ్యని అడిగే లోకనాథ్ ఆ సంచులు ఎనిమిది బండికెత్తుకున్నాడు. అరటి మానులోది ఏదైనా తిరిగి అరటి మొదట్లోకే చేరాలి. తాతలనాటి నుంచీ ఆ ఇంటి పద్ధతి అది. బోదెలు తనవి కాబట్టి పొడీ తనదే అనుకున్నాడు. నలభై చెట్ల మొదళ్లలో పోసి, నీరు పెట్టి, మంచి పని చేశానని దేవుడికి చెప్పుకున్నాడు కూడా.

“అవి... నేనే తోటలో వేశానమ్మా.”

రమేష్ బాబు పగలబడి నవ్వాడు. “రెండేళ్లు నా మీద ఏడ్చి, చివరికి మీ చేతులారా పోసుకున్నారన్నమాట! దొంగతనం చేశారని ఇప్పుడు నేను పెట్టాలండి అర్జీ.”

“నవ్వకండి సార్,” హారతి విరుచుకుపడింది. “సంచుల మీద ఏమీ రాయించలేదు, తాళం వేయించలేదు. మీ తప్పు. నాదీనూ.” తర్వాత గొంతు తగ్గించింది. “ఆ చెట్లకి గెలలున్నాయాండి?”

“ఉన్నాయి. అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకున్న గెల ఆ వరసలోదే.”

“పరీక్ష చేసేదాకా ఒక్క కాయ కూడా కోయకండి. ఆ మట్టంతా తవ్వి ఇదే లారీలో పంపాలి.”

“లారీ నా షెడ్డుది,” అన్నాడు రమేష్ బాబు. “అర్జీ వెనక్కి తీసుకోండి, చోటిస్తాను.”

లోకనాథ్‌కి మొక్కుకున్న గెల గుర్తొచ్చింది. తెలియక చేసినదాన్ని స్వామి మన్నిస్తాడేమో. తెలిశాక ఊరుకుంటే మన్నిస్తాడా?

“తీసుకోను. ఇంకోటి రాస్తాను. సంచులు ఊరికే వదిలేసింది నువ్వు, అడక్కూడనోణ్ని అడిగి మోసుకెళ్లింది నేను. ఇద్దరి పేర్లూ ఉంటాయి. చోటివ్వకపోయావా, ఆ మట్టి తెచ్చి నీ కుర్చీ కిందే పోస్తాను.”

రమేష్ బాబు కుర్చీలోంచి లేచాడు. లోకనాథ్ అప్పటికే పార కోసం ఇంటిదారి పట్టాడు.