ఒకే చేను, రెండు దరఖాస్తులు

జెబా, నీరజ గురజాల ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నారు. కూర్చునేది ఒకే బెంచీ మీద. జెబా తల్లి అబిదా బస్టాండు వెనక సందులో బట్టలు కుడుతుంది. నీరజ తండ్రి నరసింహారావుకు పిడుగురాళ్ళ రోడ్డు పక్కన మిరప తోట ఉంది. తోటకు పడమట సున్నపు బట్టీలున్నాయి. గాలి అటునుంచి తిరిగిన రోజుల్లో మిరపాకుల మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొడి పేరుకునేది. పంట తగ్గిన ప్రతి ఏడూ ఊళ్ళో అందరూ ఆ పొడినే తిట్టేవాళ్ళు.

"నిజంగా పొడివల్లే తగ్గుద్దంటావా? కడిగి చూద్దామా?" అని ఒక ఆదివారం తోటలో నీరజ అంది. సరేనంది జెబా. నరసింహారావు నవ్వి, గట్టు దగ్గరున్న రెండు సాళ్ళు వాళ్ళకు వదిలేశాడు. ఒక సాలు కడగాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. కాలేజీ అయ్యాక ఇద్దరూ బస్సులో వచ్చేవాళ్ళు. నీరజ ఇంట్లో పనులుండి రాలేని రోజుల్లో జెబా ఒక్కతే వచ్చి, బోరు దగ్గర మందు కొట్టే ట్యాంకును నీళ్ళతో నింపుకుని, వీపున వేసుకుని, ఆకులన్నీ పచ్చగా మెరిసేదాకా నీళ్ళు కొట్టేది. భుజాల మీద పట్టీలు ఒరుసుకుపోయేవి. ఆ సాయంత్రాలు జెబాకు ఇష్టంగానే ఉండేవి.

తీరా కోతలప్పుడు చూస్తే కడిగిన సాల్లోనే కాయ తక్కువ. ఆకుల నిండా మచ్చలు కూడా వచ్చాయి. జెబాకు ఏడుపొచ్చినంత పనైంది. బోటనీ చెప్పే ఇందిర మేడం మాత్రం మచ్చల ఆకుల్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

"సాయంత్రం పూట తడిపారు కదా. ఆకు రాత్రంతా తడిగా ఉంది, తెగులు పట్టింది. మీరు పొడిని పరీక్షించామనుకున్నారు. పరీక్షించింది తడిని" అంది.

జెబా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇన్ని సాయంత్రాల కష్టం ఇంతేనా అనుకుంది. నీరజ మాత్రం ఆ సాయంత్రం తోటకెళ్ళే బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ, "బట్టీలకి దూరంగా ఇంకో తోట పట్టాలే. అక్కడ పొడి ఉండదు. అక్కడా ఇట్టాగే తడిపితే తడి సంగతి వేరుగా, పొడి సంగతి వేరుగా తేలుద్ది" అంది.

ఫిబ్రవరిలో ఇందిర మేడం ఒక కబురు తెచ్చింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలను పిలిపించుకుని తమ ల్యాబుల్లో పని నేర్పుతుందట. రెండు రాష్ట్రాల నుంచీ దరఖాస్తులు వస్తాయి, తీసుకునేది కొద్దిమందినే. తాము సొంతంగా వెతికిన ప్రశ్న ఏమిటో, దానికోసం ఏం చేశారో ఒక వ్యాసంగా రాసి పంపాలి. "ఇద్దరూ పెట్టండి, పోయేదేముంది" అంది మేడం. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని రాసుకున్నారు. ఒకరు రాసింది ఒకరికి చూపించుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

పరీక్షలు అయిపోతున్న రోజుల్లో సంస్థ నుంచి మేడంకు మెయిల్ వచ్చింది. మీ కాలేజీ నుంచి వచ్చిన రెండు దరఖాస్తుల్లో ప్రయోగం ఒక్కటే, ఇద్దరితోనూ వీడియోలో విడివిడిగా మాట్లాడాలి అని. మేడం ఇద్దరినీ స్టాఫ్ రూముకు పిలిచి రెండు వ్యాసాలూ టేబుల్ మీద పెట్టింది. జెబా రాసినదాంట్లో మొదటి నుంచి చివరిదాకా 'మేము' అని ఉంది. నీరజ కాగితంలో 'నేను' అని ఉంది. నేను కడిగాను, నేను లెక్కపెట్టాను, నాకు తెలిసింది. జెబా పేరు ఎక్కడా లేదు.

స్టాఫ్ రూములోంచి బయటికొచ్చాక వరండాలో జెబా అడిగింది.

"నువ్వు కడిగావా?"

"యూట్యూబ్‌లో చెప్పారే. మేము అని రాస్తే ఇందులో నువ్వు చేసిందేందని అడుగుతారంట. అందుకని..." అంది నీరజ. "నిన్ను తీసెయ్యాలని కాదు జెబా."

"తీసెయ్యాలని కాదు గాని తీసేశావు" అని జెబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పరీక్షల్లో ఎదురుపడ్డా తలలు తిప్పుకున్నారు. అబిదా ఏం జరిగిందని అడిగితే జెబా చెప్పలేదు.

ఇంటర్వ్యూ రోజున మేడం తన గదిలో లాప్‌టాప్ పెట్టింది. ముందు నీరజ మాట్లాడి వచ్చింది. తర్వాత జెబా లోపలికి వెళ్ళింది. తెర మీద ముగ్గురున్నారు. వాళ్ళలో పెద్దావిడ తెలుగులోనే మాట్లాడింది. ఎన్ని మొక్కలు, ఎన్నిసార్లు తడిపారు, మచ్చలు ఎప్పుడు కనిపించాయి అని అడిగింది. జెబా తడుముకోకుండా చెప్పింది. ఆమె తల ఊపుతూ, "బాగుంది. మరి ఇప్పుడు మళ్ళీ చెయ్యమంటే ఎలా చేస్తావు?" అంది.

జెబాకు వెంటనే బస్సు కిటికీ, నీరజ మాటలు గుర్తొచ్చాయి. దూరంగా ఇంకో తోట. తడి వేరుగా, పొడి వేరుగా. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. చెబితే తనదని నమ్ముతారు కూడా. కాస్త ఆలోచించింది. తనదంటూ ఇంకో దారి ఏదీ తట్టలేదు.

"బట్టీలకి దూరంగా ఉన్న తోటలో కూడా తడిపి చూడాలి మేడం. అయితే ఆ ఆలోచన నాది కాదు, నీరజది. అసలు కడిగి చూద్దామన్నదీ తనే. నీళ్ళు కొట్టింది ఎక్కువ నేను."

తెర మీద ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. థాంక్యూ అన్నారు. అంతే.

బయట వరండాలో నీరజ నిలబడి ఉంది. జెబా ఆగకుండా వెళ్ళిపోయింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. ఆలోచన నీరజదన్న ఆ రెండో మాట చెప్పకపోతే ఏమయ్యేది? అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోవచ్చు కదా? అలాగని మళ్ళీ అడిగితే ఇంకో రకంగా చెప్పేదా అంటే, అదీ తెలియలేదు.

ఏప్రిల్ నెలాఖరుకు ఫలితాలొచ్చాయి. నీరజకు వచ్చింది. జెబాకు రాలేదు. ఇందిర మేడం ఫోన్ చేసి చెబితే, "సరే మేడం" అని జెబా ఫోన్ పెట్టేసి, తల్లి కుట్టిన జాకెట్లకు హుక్సులు కుట్టడానికి కూర్చుంది. అబిదా మిషన్ ఆపి కూతురి వంక చూసింది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నీరజ గుమ్మంలో నిలబడింది. ఎండలో నడిచొచ్చినట్టుంది, మొహం కందిపోయింది. "రా అమ్మీ, లోపలికి రా" అని అబిదా పిలిచి మంచినీళ్ళిచ్చింది.

"నాన్న పంపనంటున్నాడే" అంది నీరజ, గ్లాసు పట్టుకునే. "ఒక్కదాన్నే నెల రోజులు యాడుంటావు, ఆ నెలలో నీట్ కోచింగుకి పోతే అక్కరకొస్తది గదా అంటాడు. మేడం ఫోన్ చేసినా వినలా. నువ్వు చెప్తే వింటాడు. నువ్వు ట్యాంకు మొయ్యటం చూశాడు గదా, నువ్వంటే ఆయనకి గురి."

"నేనెందుకు చెప్పాలే?"

నీరజ గ్లాసు కింద పెట్టింది. "చెప్పక్కర్లేదు. అడుగుదామని వచ్చా" అని లేచింది.

ఆమె సందు మలుపు తిరిగేదాకా జెబా హుక్సులు కుడుతూనే ఉంది. తర్వాత చెప్పులు వేసుకుంది. ఎందుకు బయల్దేరిందో తనకే సరిగ్గా తెలియదు. జాలి వల్ల మాత్రం కాదు. ఆ రెండు సాళ్ళ సంగతి ఎవరూ తేల్చకుండా మిగిలిపోతుందన్న ఆలోచన ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు. బస్టాండులో నీరజను కలిసి, మాట్లాడకుండానే అదే బస్సెక్కింది.

నరసింహారావు కల్లంలో గోనెల్లో కుట్టిన మిర్చి టిక్కీలు లారీకి ఎత్తిస్తున్నాడు. జెబాను చూసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏందమ్మాయ్, చానా రోజులకొచ్చావు. నీక్కూడా వచ్చిందా ఏంది?"

"నాకు రాలేదు బాబాయ్."

"మరి? రానిదానివి నువ్వొచ్చి, వచ్చినదాన్ని పంపమని చెప్తావా?"

"అవును బాబాయ్" అంది జెబా. కూలివాళ్ళు చూస్తున్నారని తెలిసి గొంతు కాస్త తగ్గించింది. "ఆ పొడి మన తోటకి ఏం చేస్తందో ఇక్కడ మేం తేల్చలేకపోయాం. అక్కడ మిషన్లున్నాయి, చెప్పేవాళ్ళున్నారు. మా ఇద్దర్లో ఎట్టా తేల్చాలో తోచింది నీరజకే. కోచింగు జూన్లోనూ ఉంటది. ఇది ఉండదు."

"నీకొచ్చుంటే మీ అమ్మ పంపేదా?"

జెబా ఆలోచించింది. "భయపడేది బాబాయ్. అయినా పంపేది. ముందు తనొచ్చి ఆ హాస్టలు చూసేది."

నరసింహారావు లారీ వైపు తిరిగాడు. కూతురి వంక చూడలేదు. "ఒరేయ్, ఆ తాడు బిగించి కట్టండిరా" అని కూలివాళ్ళను కేకేశాడు. తర్వాత, "హాస్టలు చూశాకే. నాకు నచ్చకపోతే అదే రైలుకి వెనక్కి తీసుకొస్తా" అన్నాడు.

నీరజ గబుక్కున జెబా చెయ్యి పట్టుకుంది. జెబా విడిపించుకోలేదు, అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు.

తండ్రీకూతుళ్ళు నడికుడిలో రైలెక్కారు. స్టేషనుకు జెబా వెళ్ళలేదు. హాస్టలు నరసింహారావుకు నచ్చిందని ఇందిర మేడం చెబితే తెలిసింది. నీరజ అక్కణ్ణుంచి సాయంత్రాలు ఫోన్ చేసేది. మొదట్లో జెబా ఎత్తలేదు. ఒకరోజు అబిదా కుట్టుమిషను దగ్గర్నుంచే, "ఎత్తవే, ఎంతసేపు మోగుద్దది" అని విసుక్కుంటే ఎత్తింది.

నీరజ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. తను వెంట తీసుకెళ్ళిన ఆ రెండు సాళ్ళ ఆకుల్లో పొడి పట్టినదాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారట. సున్నపు పొడి రేణువులు గరుగ్గా, రాళ్ళలా కనిపించాయట. జెబా వింటూ కూర్చుంది. మొదట్లో ఊఁ కొట్టింది. తర్వాత అదీ మానేసి ఆలోచనలో పడింది.

"ఆ పొడి ఆకు రంధ్రాల్లోకి దిగిందా, పైనే కూర్చుందా?" అని అడిగింది.



"అది చూళ్ళేదే" అంది నీరజ. "రేపు చూసి చెప్తా."

"కడిగిన ఆకు కూడా పెట్టి చూడు" అంది జెబా.