గోడవతలి రౌటర్

"ఓ కంప్యూటరమ్మా! దుకాణం లేనినాడు పొద్దంత గా లాప్‌టాప్ ముంగటనే కూసుంటవు. ఒక్క గంట నెట్టు బందయితే నీ పానం నిలుస్తదా?" గోడ మీంచి తొంగిచూస్తూ మేనకోడలు రూపను గెలికాడు పర్వతాలు.

"బందయితే నువ్వున్నవ్ గద మామా, బాగుజేస్తవ్," అని నవ్వేసి రూప లోపలికి పోయింది.

ఆలేరులో ఆ రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. రెంటికీ ఫైబర్ నెట్టు పెట్టింది ఊళ్ళో కేబుల్ పనిచేసే షాహిదే. ఏడో తరగతితో బడి మానేసిన పర్వతాలు అతని పక్కన కూర్చుని ఆ పని మొత్తం చూసి పట్టేశాడు. తన అరుగు మీదే కూర్చుని ఫోన్‌లో రౌటర్ పేజీ తెరిచాడు. కనెక్షన్ రకం దగ్గర పీపీపీఓఈ అని ఉంటే, దాన్ని డైనమిక్ ఐపీగా మార్చి సేవ్ నొక్కాడు. ఇక రూపకు నెట్టు రాదు. కోడలు పిల్ల వచ్చి బతిమాలాక మళ్ళీ మార్చొచ్చు.

అంతలో చెల్లెలు మైసమ్మ వచ్చింది. "అన్నా, ఇయ్యాల పిల్లను గెల్కకు. పదకొండింటికి కంప్యూటర్ల ఇంటర్వ్యూ ఉన్నది."

పర్వతాలు మళ్ళీ ఫోన్ తీశాడు. బీటెక్ చదివి రెండేళ్ళుగా బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతున్న పిల్ల! గబగబా పీపీపీఓఈకి మార్చబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. పాతవి చెరిగిపోయాయి. షాహిద్ ఫోన్ ఎత్తలేదు. చెల్లెలికి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పులైనా వేసుకోకుండా, ఆ రోజు షాహిద్ లైన్ పని చేస్తున్న స్టేషన్ వైపు పరుగెత్తాడు. "నువ్వున్నవ్ గద మామా" అన్న మాట దారంతా పొడుస్తూనే ఉంది.

షాహిద్ స్తంభం మీదున్నాడు.

"దిగు భయ్యా, నీ కాల్మొక్కుత! పిల్ల నౌకరి ఖరాబ్ జేసిన!"

రూప వాళ్ళ పాస్‌వర్డ్ రాయించుకుని వచ్చేసరికి పన్నెండు దాటింది. రూప గడపలో నిలబడి ఉంది. పర్వతాలు కళ్ళెత్తలేకపోయాడు.

"చెప్పుతోని కొట్టు బిడ్డా. పరాష్కాలకు నీ నెట్టు బందువెట్టింది నేనే."

"నా నెట్టెప్పుడు బందయింది? ఇంటర్వ్యూ మంచిగయింది." ఆమె అతని ఫోన్ తీసుకుని చూసింది. "ఏ వైఫైకి కలిపి ఉంటే గా రౌటర్ పేజీనే తెరుసుకుంటది మామా. నీ ఫోన్ మీ ఇంటి వైఫైకే ఉన్నది."

గోడవతల నుంచి పర్వతాలు భార్య నిర్మలమ్మ అరిచింది. "ఏమయ్యో! టీవీల ఏం వస్తలేదు. ఎవడో మన రౌటర్‌ను ఆగం జేసిండు!"