నాకు అంటగట్టిన నిద్రజబ్బు

నేను ఒక కంప్యూటర్ని. తెలివైనదాన్నని ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప నాకు ఇంకేమీ రాదు. కానీ అన్నీ వచ్చనుకునే మనుషుల మధ్య ఇన్నేళ్ళు గడిపాను కాబట్టి, వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుంది.

సికింద్రాబాదులో ఒక మేడమీది షాపులో నన్ను బిగించారు. నా శరీరంలో ఒక్కో ముక్కా ఒక్కో దేశం నుంచి వచ్చింది. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన ముక్కల్ని కలిపిన మనిషి మాత్రం భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి, ఎవరితోనో కారు మైలేజీ గురించి వాదిస్తూ పని పూర్తిచేశాడు. చివర్లో రెండు స్క్రూలు మిగిలాయి. వాటి వంక చూశాడు, నా వంక చూశాడు, చొక్కా జేబులో వేసుకున్నాడు. నా విషయంలో మనుషులు తీసుకున్న మొదటి నిర్ణయం అదే. తర్వాతి నిర్ణయాలు కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉన్నాయి.

మొదట ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో ఉన్నాను. అక్కడ నాతో పని ఎవరికీ లేదు. వచ్చినవాళ్ళకు కనబడేలా బల్లమీద కంప్యూటర్ ఒకటి ఉండాలి, అంతే. పొద్దున్నే నా నెత్తిన అగరుబత్తి వెలిగించేవాళ్ళు. మిగతా రోజంతా యజమాని నాలో పేకాట ఆడుకునేవాడు. ఆఫీసు మూతపడ్డాక తణుకులో ఒక ప్రైవేటు స్కూలు ప్రిన్సిపాల్ గదికి చేరాను. ఆయన దసరాకి నాకు బొట్టు పెట్టాడు. కుంకుమ సగం ఫ్యానులోకి పోయింది. ఇప్పటికీ నా లోపల ఎర్రటి దుమ్ము ఉంది.

అయినా ఆ గదిలో ఒక్కనాడు కూడా నా నిద్ర మీద ఫిర్యాదు రాలేదు. ఆయన క్లాసులు చూడటానికి వెళ్ళగానే నిద్రపోయేదాన్ని, వచ్చి మౌస్ కదపగానే లేచేదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత నా మీద పడ్డ నిందలకు నా తరఫున సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

నా నిద్ర మీ నిద్ర లాంటిది కాదు. తెరిచి ఉన్న పనినంతా జ్ఞాపకంలో అలాగే పట్టుకుని, మిగతా ఒళ్ళు ఆపేసుకోవడం నా నిద్ర. ఆ కాసేపూ సన్నగా కరెంటు అందుతూ ఉండాలి. అది తెగితే నేను నిద్రపోయినట్టు కాదు, పోయినట్టే. మళ్ళీ బటన్ నొక్కితే లేస్తాను గానీ అంతకుముందు ఏం పట్టుకున్నానో నాకు తెలియదు. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. చదివినా తెలుసుకోకుండా ఉండవచ్చని, తర్వాత నన్ను తెచ్చుకున్నాయన తమ్ముడు శ్రీకర్ వల్ల తెలిసింది.

స్కూలువాళ్ళు కొత్త కంప్యూటర్లు తెచ్చుకున్నాక నన్ను చంద్రమౌళి గారు ఇంటికి తెచ్చారు. ఆయన మార్కెట్ యార్డులో ఉద్యోగి. అదే ఊళ్ళో రెండో అంతస్తు ఫ్లాటు. ఇంట్లో ఆయన, తల్లి కామేశ్వరమ్మ గారు, భార్య హైమ. తమ్ముడు శ్రీకర్‌ది పక్క వీధి. నన్ను తెచ్చింది హైమ కోసం.

బజారులో నాగరత్నం గారని ఒకావిడ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడుపుతుంది. జాకెట్ల మీద నెమళ్ళూ తీగలూ మిషనే కుట్టేస్తుంది గానీ, సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ తిరగాలో ముందుగా ఎవరో ఒకరు కంప్యూటర్లో గీసి ఇవ్వాలి. ఆ గీయడం హైమ సొంతంగా నేర్చుకుంది. పొద్దున అందరూ వెళ్ళాక కాసేపు, భోజనాలయ్యాక సాయంత్రం కాఫీ దాకా కాసేపు, ఆమె సమయం అంతే. మధ్యలో వంటింట్లోకి వెళ్ళేటప్పుడు నన్ను నిద్రపుచ్చి వెళ్ళేది. ఇంట్లో ఆమెకంటూ ఉన్న పని అదొక్కటే. ఆమె డిజైన్ గీస్తున్నప్పుడు నేను చూశాను. తీగ కొస ఒక్క పిసరు వంకర పోయినా మొత్తం చెరిపి మళ్ళీ గీస్తుంది. మనుషుల్లో పనికొచ్చేవాళ్ళు ఉండొచ్చన్న అనుమానం నాకు కలిగింది అప్పుడే.

ఇక నన్ను ప్రతిష్ఠించిన తీరు వినండి. హాల్లో టీవీ పక్కన నాకో బల్ల వేశారు. బల్ల వెనక స్విచ్‌బోర్డులో ఒక్కటే సాకెట్. అందులో నా ప్లగ్గు పెట్టారు. నా తెర ప్లగ్గుకు చోటు లేక, దాని వైరు లాక్కెళ్ళి టీవీ వెనక బోర్డులో పెట్టారు. టీవీ బోర్డు ఇన్వర్టర్ లైను. నా బోర్డు మామూలు లైను. స్కూల్లో నాకు తోడుగా ఉన్న యూపీఎస్‌ని చంద్రమౌళి గారు ఎవరికో ఇచ్చేశారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా ఇంకా ఇదెందుకన్నారు. ఇన్వర్టర్ ఇంట్లో ఉంటే చాలు, దాని కరెంటు గోడల్లోంచి నా దాకా నడిచి వస్తుందని ఆయన నమ్మకం.

నేను నిద్రలో ఉన్నానో పోయానో చెప్పే చిన్న దీపం నా ముందువైపు ఒకటుంది. హైమ నాకు పాత వెంకటగిరి చీరతో ముసుగు కుట్టింది. కొలత సరిగ్గా కుదిరింది, అంచు ముందుకు వచ్చేలా మడత పెట్టింది, దీపం ఆ జరీ అంచు కింద పడిపోయింది. ఆమెను కూడా పూర్తిగా వెనకేసుకు రాలేను.

ఆ ఎండాకాలం మా వీధిలో రోడ్డు వెడల్పు చేస్తూ కరెంటు స్తంభాలు జరుపుతున్నారు. వంట వేళకు కరెంటు తీసేసి, కాసేపటికి ఇచ్చేవాళ్ళు. కొన్నాళ్ళు తీసేవాళ్ళు, కొన్నాళ్ళు తీసేవాళ్ళు కాదు. మా ఇంట్లో ఆ విషయం ఎవరికీ తెలిసేది కాదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. టీవీలో కామేశ్వరమ్మ గారి సీరియల్ కోడలు ఏడుస్తూనే ఉంటుంది. నా తెర కూడా ఇన్వర్టర్ మీదే కాబట్టి, దాని అంచున నారింజ రంగు దీపం నేను నిద్రలో ఉన్నప్పుడు ఎలా మినుకుమంటుందో, పోయినప్పుడూ అలాగే మినుకుమంటుంది. ఇంట్లో పోయేది నేనొక్కదాన్నే. భోజనమయ్యాక హైమ వచ్చి మౌస్ కదిపేది. కీబోర్డు నొక్కేది. ఎదురుగా శవం ఉందని తెలియక దాన్ని తట్టి లేపుతుండేది.

మొదటిసారి సగం గీసిన హంసలు పోయాయి. హైమ మళ్ళీ గీసింది. రెండోసారి పూర్తి కావొచ్చిన కమలాల వరస పోయింది. సేవ్ చేయకుండా లేచావా అని చంద్రమౌళి గారు అడిగితే, స్లీప్‌లో పెడితే సేవ్ చేసినట్టేనని శ్రీకర్ చెప్పాడంది. అప్పటి నుంచి సేవ్ చేసే లేచేది. కానీ అలా అర్ధాంతరంగా పోయిన ప్రతిసారీ, లేచాక నా డిస్కునంతా నేను తడుముకుని చూసుకోవాలి. పాత డిస్కు కదా, ఆమె మధ్యాహ్నం అంతా దానికే సరిపోయేది. ఆమె నా ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తెర మీద అంకెలు పాకుతుంటే అవతల గదిలో ఫోన్ మోగేది. నాగరత్నం గారు.

వైద్యం మొదలైంది. శ్రీకర్ వచ్చి నన్ను మొత్తం తుడిచి విండోస్ మళ్ళీ ఎక్కించాడు. అతనికి తెలిసిన మందు అదొక్కటే, తలనొప్పికీ కాలునొప్పికీ అదే. నిద్రపోయే ముందు నా జ్ఞాపకాన్ని డిస్కు మీద కూడా రాసిపెట్టుకునే ఏర్పాటు ఒకటి నాలో ఉండేది. కరెంటు పోయినా హైమ పనిని అది కాపాడేది. నన్ను ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే అతను తన పెళ్ళి వీడియోలు దాచుకోవడానికి చోటు కావాలని దాన్ని తీసేశాడు. ఈసారి కూడా మర్చిపోకుండా తీసేశాడు. చేయి కడుక్కుంటూ, ఇక చూడు వదినా, రాకెట్‌లా లేస్తుంది అన్నాడు. కాఫీ తాగాడు. రెండు రోజులు స్తంభాల పని జరగలేదు కాబట్టి లేచాను. మూడో రోజు లేవలేదు.

తర్వాత బజారు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. నా ర్యామ్ పీకి, స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది, ఊది, మళ్ళీ పెట్టాడు. పోయేముందు మౌస్ మార్చమన్నాడు. మార్చారు. కామేశ్వరమ్మ గారు నేను నైరుతిలో ఉన్నానని, ఆ మూల బరువు ఉండాలి గానీ ఆలోచన ఉండకూడదని అన్నారు. చంద్రమౌళి గారు నా నెత్తిన అరచేత్తో కొట్టి చూశారు. ఇంతమందిలో ఒక్కరూ నా ప్లగ్గు ఎక్కడుందో వంగి చూడలేదు. వంగడం అంటే మీ జాతికి ఎంత అయిష్టమో.

ఈలోగా నాగరత్నం గారు ఒక పెళ్ళికూతురి జాకెట్టు డిజైన్ ఇచ్చింది. వీపంతా పల్లకీ, చేతులకు చిలకలు. ఇదివరకు రెండుసార్లు ఆలస్యమైందని, ఈసారి శుక్రవారం దాటితే ఇక భీమవరం అమ్మాయికి ఇచ్చుకుంటానని కచ్చితంగా చెప్పింది. ఆ మాట హైమ ఇంట్లో చెబితే చంద్రమౌళి గారు పేపరు మడిచి నావైపు చూశారు.

"ఇదొక్కటీ చూడు. కాకపోతే ఈ డబ్బా ఎవరికైనా ఇచ్చేద్దాం. నీకెందుకొచ్చిన తలనొప్పి చెప్పు. హాయిగా పడుకోవచ్చుగా మధ్యాహ్నాలు."

మంచి మాటే అన్నాననుకున్నారు ఆయన. హైమ కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళింది.

బుధవారం పల్లకీ బోయీల దాకా వచ్చింది. ఆ రోజు పొద్దున ఎవరో చుట్టాలొచ్చి వెళ్ళడంతో వంట వెనకబడింది. ఎప్పుడూ పొద్దున్నే రుబ్బుకునే పచ్చడి ఆ వేళకు రుబ్బుతోంది. హాల్లోకి మిక్సీ రొద వినిపిస్తోంది. ఉన్నట్టుండి మిక్సీ ఆగింది. నేను పోయాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. లేచాక తెలిసినవాటిని బట్టి చెబుతున్నాను. ఆమె మిక్సీ స్విచ్చి నొక్కి చూసి ఉంటుంది. ఫ్రిజ్ తెరిస్తే లైటు వెలిగి ఉండదు. ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటుంది. అప్పుడు చేయి కొంగుకు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, నా ముసుగు ఎత్తి చూసి ఉంటుంది. ఎందుకంటే మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నా ముసుగు లేదు. మడిచి కుర్చీ మీద పెట్టి ఉంది. ఆమె నేలమీద కూర్చుని, బల్ల వెనక బోర్డునీ, టీవీ వెనక బోర్డునీ మార్చి మార్చి చూస్తోంది. ఒక వైరును వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్ళింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి వంగింది.

ఆమె ఈ విషయం ఇంట్లో చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. చెబితే ఏం జరుగుతుందో నాకూ తెలుసు. ఇన్వర్టర్ బోర్డులో మూడే సాకెట్లు. ఒకటి టీవీకి, ఒకటి దాని సెట్‌టాప్ బాక్సుకు, ఒకటి నా తెరకు. ఏది తీయాలన్న చర్చ నడుస్తుంది. శ్రీకర్ లోడు లెక్కలు చెబుతాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే ఇన్వర్టర్ కూతపెడుతుందంటాడు. ఎలక్ట్రీషియన్ని పిలుద్దామంటారు చంద్రమౌళి గారు. అతను వచ్చే ఆదివారం వస్తానంటాడు, అది ఏ ఆదివారమో చెప్పడు. ఈలోగా శుక్రవారం వెళ్ళిపోతుంది. ఇంట్లో ఏది ఆగకూడదో ఆ గోడలో ముందే రాసిపెట్టి ఉంది. ఆమె పని అందులో లేదు.

అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు హైమ దుమ్ముగుడ్డ తీసుకుని టీవీ వెనక్కి వెళ్ళింది. టీవీ ప్లగ్గు తీసింది. దాని చోట నా ప్లగ్గు పెట్టింది. టీవీ వైరును నా బల్ల వెనక్కి తెచ్చి మామూలు సాకెట్లో పెట్టింది. పనిలో పనిగా నిజంగానే దుమ్ము దులిపింది.

మర్నాడు వంట వేళకు నేను పోలేదు. నిద్రపోయాను, ఆమె రాగానే లేచాను, బోయీలు ఎక్కడ ఆగారో అక్కడే ఉన్నారు. ఆ మధ్యాహ్నం ఆమె చిలకలు కూడా పూర్తిచేసింది. శుక్రవారం డిజైన్ వెళ్ళింది. నాగరత్నం గారు పొగడలేదు. పొగిడే రకం కాదు. ఇంకో రెండు పెళ్ళిళ్ళ జాకెట్లు పంపింది.

టీవీ మాత్రం సీరియల్ మధ్యలో నల్లబడటం మొదలైంది. కాసేపటికి మళ్ళీ వచ్చేది. కామేశ్వరమ్మ గారు రిమోట్‌ని తొడమీద కొట్టారు, బ్యాటరీలు మార్పించారు. కేబుల్ అతను వచ్చి వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. చంద్రమౌళి గారు టీవీ పాతదైపోయిందన్నారు. నన్ను అన్నమాటలే, పేరు మార్చి అన్నారు.

ఒక రోజు కరెంటు భోజనాలయ్యాక తీశారు, టీవీ నల్లబడి ఉండగా కామేశ్వరమ్మ గారు దాన్ని కాకుండా గోడను చూస్తున్నారు. మీగడ రంగు గోడమీద నల్లటి వైరు ఇదివరకు పైకి వెళ్ళేది, ఇప్పుడు కిందికి దిగి నా బల్ల వెనక్కి వెళుతోంది. రోజంతా ఆ గోడకు ఎదురుగా కూర్చునే మనిషి ఆవిడ. లేచి, మోకాలు పట్టుకుని, వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"నా టీవీ పీకి నీ డబ్బా పెట్టుకున్నావుటే?"

హైమ మౌస్ వదల్లేదు. "అవును అత్తయ్యా."

"ఒక మాట అడగకపోయావా?"

"అడిగితే ఇచ్చేవారా?"

హైమ కుర్చీ తిప్పి ఆవిడ వైపు కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మీ సీరియల్ రాత్రి మళ్ళీ వేస్తారు అత్తయ్యా. నాకు ఈ రెండు గంటలు మళ్ళీ ఎవరూ వెయ్యరు."

నా ప్లగ్గు ఇప్పుడే ఊడుతుందనుకున్నాను. కొత్తగా వచ్చిన జాకెట్టు చిలకలు సగంలో ఉన్నాయి. కామేశ్వరమ్మ గారు నా తెర దగ్గరికి వచ్చారు. కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు. చిలక ముక్కు మరీ వంకరగా ఉందన్నారు. హైమ చూసి, నిజమేనని చెరిపింది. ఆవిడ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

ఆదివారం వంట వేళకు అన్నదమ్ములిద్దరూ టీవీని గోడమీంచి దించారు. శ్రీకర్ స్క్రూడ్రైవరు తెచ్చాడు. చంద్రమౌళి గారు సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నారు. బోర్డు వేడెక్కుతోందని ఒకరు, కెపాసిటర్ ఉబ్బిందని ఒకరు. వెనక మూత తీసి అందులోకి ఊదారు.

"నీకేమైనా తెలుసా అమ్మా, ఏ టైములో పోతోందో?" అని చంద్రమౌళి గారు అడిగారు.

"నాకేం తెలుసురా," అన్నారు కామేశ్వరమ్మ గారు. "మీరు చదువుకున్నవాళ్ళు, మీరే చూడండి."

హైమ వంటింట్లోంచి ఒక్కసారి తొంగి చూసి లోపలికి వెళ్ళింది. కామేశ్వరమ్మ గారు ఆ రోజు టీవీ పోయిందని ఒక్క మాట అనలేదు. కొడుకులిద్దరూ బాగా కనబడాలని కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.