ఎండ మీటరు

వినుకొండ బస్టాండు పక్కన సిలార్ రేడియోలు బాగుచేసేవాడు. రెండువేల నాలుగు వేసవిలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ చెంచురామయ్య ఒక పని మీద అతని కొట్టుకు వచ్చాడు. హాస్టలు డాబా మీద సోలార్ పలకలు పెట్టాలి. కొండ నీడ పోగా ఎక్కడ ఎండ ఎంత కాస్తుందో ముందు కొలవాలి. కొలిచే అసలు పరికరం కాలేజీ కొనగలిగేది కాదు.

సిలార్ బొటనవేలంత సోలార్ ముక్కకు ఒక రెసిస్టరు అతికించి, చవక మల్టీమీటరు తగిలించాడు. ఇద్దరూ గుంటూరు వెళ్ళి అక్కడి ఖరీదైన పరికరం పక్కన పెట్టి చూశారు. నిండు ఎండకు సిలార్ మీటరు అరవై చూపింది. ఆనాటి నుంచి అతను రోజూ డాబా ఎక్కి కొలిచి, మాస్టారిచ్చిన నోటుబుక్కులో రాసేవాడు.

సిలార్ భార్య ఖుర్షిదా కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు బయటికి వెళ్ళినప్పుడు ఫోన్ చేసేది. మీటరు సంగతి చెబితే నవ్వింది.

"ఇక్కడి ఎండ ముందు మీ వినుకొండ ఎండెంతండీ. నా గది నిండా ఎండే."

ఆ మాట పట్టుకుని సిలార్ ఇంకో మీటరు చేశాడు. సెలవు మీద వచ్చి కువైట్‌కు తిరిగి వెళ్తున్న డ్రైవర్ బుడాన్ చేతికిచ్చి పంపాడు. గదిలో దాన్ని పెట్టుకుంటే తామిద్దరూ ఒకే పని చేస్తున్నట్టుంటుందని అతని ఆశ.

జులైలో మొదటి శుక్రవారం ఫోన్ మోగింది.

"కిటికీ దగ్గర పెట్టా. సున్నా, చుక్క, మూడు అని వస్తోంది."

"తిప్పే మీట నేను గీత పెట్టినచోటే ఉందా?"

"అక్కడే ఉందండీ."

సిలార్ బల్లమీది తన మీటరు వైపు చూశాడు. దాన్ని బల్లకింద నీడలో పెట్టినా అంతే చూపిస్తుంది.

"కిటికీకి ఎదురుగా ఏముంది ఖుర్షిదా?"

"పక్క బిల్డింగు గోడ. మీరు దిగులుపడతారని చెప్పలా."

"ఎండలోకి వచ్చి ఎన్నాళ్ళయింది?"

ఆమె మాట మార్చి, కొట్టు ఎలా నడుస్తోందని అడిగింది.

"వచ్చెయ్."

"అగ్రిమెంటు ఇంకా ఏడు నెలలుందిగా. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది."

"పోనీ బట్టలు మేడ మీద ఆరేస్తానని అడుగు."

ఆ రాత్రి మొదలు సిలార్‌కు ఆ గోడే కళ్ళముందు నిలిచేది. మధ్యాహ్నం డాబా మీద చొక్కా తడిసేలా చెమట పడుతుంటే, ఇందులో చేటెడు ఎండ అక్కడికి పంపే దారి ఉంటే ఎంత బాగుండు అనిపించేది.

మూడో శుక్రవారం ఆమె గొంతు వేరుగా ఉంది.

"యాభై ఎనిమిదండీ. మేడ మీద పావుగంట నిలబడ్డా. కళ్ళు తెరవలేకపోయా."

సిలార్ ఆ అంకెను నోటుబుక్కులో రాసేశాడు.

మర్నాడు మాస్టారు చూసి అడిగాడు. "నిన్నంతా ముసురు కదయ్యా, యాభై ఎనిమిదెలా వచ్చింది?"

"అది మా ఇంట్లోవాళ్ళదండీ మాస్టారూ. కువైట్‌ది."

చెంచురామయ్య కొట్టేయబోయి ఆగాడు. "పక్కన గీత కొట్టి విడిగా రాసుకో."

సిలార్ గీత కొట్టాడు. ఆ వైపు కొన్ని శుక్రవారాలు అంకెలు పడ్డాయి, కొన్ని ఖాళీగా మిగిలాయి. ఖాళీ పడ్డ వారం అతనికి అన్నం సహించేది కాదు.

డిసెంబరులో పలకలు బిగించారు. హాస్టల్లో లైట్లు వెలిగాయి. ఇక కొలవక్కర్లేదని, పుస్తకం ఇచ్చెయ్యమని మాస్టారు అడిగాడు.

"ఇంకా రెండు నెలలుందండీ," అన్నాడు సిలార్, పుస్తకం ఇవ్వకుండా.